లెక్క సరిపోయింది

గద్వాల
నవంబరు 2004

పెద్ద ఆఫీసరు అఖిలమ్మకు నీ తాత పెద్దన్న రాసేది.

మొదట అంత క్షేమమని రాయాలంటరు. మీ అవ్వ ఏసమ్మ పొద్దుగాల్నుంచి నన్ను తిడుతనే ఉంది. అంటె అంత క్షేమమే.

నీ కాయితం మా మిల్లు గోడకు అంటిచ్చిండ్రు బిడ్డా. వనపర్తి ఆఫీసుల నౌకరి దొరికిందంటె ఫ్యాను కింద కూసోని తింటవనుకున్న. నువ్వేమో మిల్లు అంటుకుంటె ఏం చెయ్యాలె, వాన నీళ్లు సొస్తె ఏం చెయ్యాలె, కరెంటు కాలిపోతె ఏం చెయ్యాలె అని గోడ నిండ రాసినవు. మా ఇన్‌చార్జి రంజిత్ సారు అందరిని కూసోపెట్టి సదివి, అర్థమయ్యిందా అన్నడు. నేను లేసిన. "సారూ, మిల్లు కాలినా పని ఆగొద్దు, మమ్ములను నాగర్‌కర్నూలు మిల్లుకు పంపుతరని ఉంది గద. గా ఒక్క దినమన్న సెలవు ఉండదా?" అన్న. పత్తి ఏరే ఆడోళ్లు కుప్పల మీద పడి నవ్విండ్రు. సారు నవ్వలే. ఆయనకు నవ్వుతె జీతం కోస్తరేమో.

మొన్న నీ డ్రిల్లు గూడ అయ్యింది. సైరను కొట్టంగనె అందరం బయటికి ఉరికి కాంటా కాడ నిలబడాలె. సారు పేర్లు పిలుస్తడు, ఎవరి పేరుకు వాళ్లు 'ఉన్న' అనాలె. అందరు పలికినంక 'లెక్క సరిపోయింది' అని కేకేసి షట్టర్లు దింపుతరు. మస్తుగ చేసినం. మీ వనపర్తి భానుప్రకాశ్ సారు చప్పట్లు కొట్టి మైసూరుపాకు పంచిండు.

నీ ఒక్కదానికి చెప్త, నవ్వుకో. గా దినం తిమ్మమ్మ మిల్లుల లేనే లేదు. కోడలు కాన్పని దవాఖానకు పోయింది. సారు ఆమె పేరు పిలువంగనె నేను బుచ్చన్న ఎనక దాక్కోని, ముక్కుతోటి "ఉన్న సారూ..." అని సాగదీసిన. అచ్చం తిమ్మమ్మే. భీమమ్మ పేరుకు గూడ నేనే. పేరుకు పలకకుంటె సారు సగం కూలి కోస్తడు గద. గందుకే ఒకరికి ఒకరం పలుకుతం. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. మిల్లుల అందరి గొంతులు నాకొస్తయి. నీ తాతకు సంచులు కుట్టుడు ఒక్కటే వచ్చనుకోకు.

మైసూరుపాకు తిమ్మమ్మ వంతుది గూడ నేనే తిన్న.

నీ తాత


వనపర్తి
నవంబరు 2004

తాతకు,

నీ ఉత్తరం సదివి నవ్వలే. పక్క సీటోళ్లకు గూడ సదివి ఇనిపియ్యలే.

తాతా, షట్టర్లు ఎందుకు దింపుతరో తెలుసా? దూది అంటుకుంటె గాలి తగిలినంతసేపు మంట పెరుగుతది. గాలి ఆపాలె. ఫైరింజను వచ్చేదాంక మిల్లు నిలబడాలంటె గదొక్కటే దారి. గట్ల అని నేనే రాసిన. కని లోపల మనిషి ఉండంగ దింపొద్దు. లోపల ఎవరు లేరని ఎట్ల తెలుస్తది? గా హాజరుతోటే. అందరు 'ఉన్న' అంటె లోపల ఎవరు లేనట్టు.

నువ్వు తిమ్మమ్మవ్వ పేరుకు పలికినవు. గా దినం ఆమె దవాఖానల ఉంది, సరే. ఇంకో దినం లోపల్నే ఉంటె? నువ్వు 'ఉన్న సారూ' అన్నంక షట్టరు దిగుతది తాతా. ఇగ ఎవరు ఎతకరు.

జర నా మాట ఇను. అందరికి చెప్పు. కూలి కోసే హాజరుకు ఏమన్న చేసుకోండ్రి. సైరను కొట్టినంక మాత్రం ఎవరి పేరుకు వాళ్లే పలకాలె.

అఖిల


గద్వాల
డిసెంబరు 2004

భయాల అఖిలమ్మకు,

చెప్పిన. నీ మాట అందరికి చెప్పిన. ఏమన్నరో రాస్త, తిట్టకు.

"సైరను కొట్టినంక పలకకుంటె సారు కూలి కొయ్యడా?" అన్నది తిమ్మమ్మ. పోయి సారును అడిగిన. "హాజరు హాజరే పెద్దన్నా. లేనోడు లేనట్టే. సైరను కొట్టినప్పుడు లేడంటె పనిల లేడన్నట్టే గద" అన్నడు. ఇగ నువ్వే చెప్పు. ఆమె కోడలికి ఆపరేషనాయె, మనుమడు పాలు తాగకపాయె. తిమ్మమ్మ నడుమ నడుమ పోయి చూసొస్తది. ఆమె పేరుకు నేను నోరు మూసుకుంటె సగం దినం కూలి గంగల కలుస్తది. నీ కాయితం కోసం ఆమె పొయ్యి ఆర్పాల్నా?

ఇంకోటి. నాకు గూడ పలుకుతరు. మధ్యాన్నం అన్నం తిన్నంక ఇత్తనాల గదిల సంచుల మీద జర నడుము వాలుస్త. ఎచ్చగ ఉంటది, నిద్ర మంచిగ వస్తది. సారు మధ్యాన్నం హాజరు పిలిస్తె తిమ్మమ్మ నా గొంతు పెడ్తది. నా దగ్గు గూడ దగ్గుతది ముండ. మీ అవ్వకు చెప్పకు, ముసలోనివి పని చెయ్యవని ఇంట్ల కూసోపెడ్తది.

మొన్న పత్తిల రాయొచ్చింది. ఇత్తనాలు తీసే జిన్నుకు తగిలి నిప్పు రాలి దూది అంటుకుంది. తడిపిన గోనెసంచులు కప్పి తొక్కినం, పోయింది. సైరను దాంక పోలే. బుచ్చన్న లుంగి అంచు కాలింది. ఇప్పుడు మోకాళ్ల దాంకనే ఉంది, మంచిగ నాటకం ఏషం లెక్క ఉన్నడు.

నువ్వు అన్నం తిను. బక్కగైతున్నవంట.

తాత


వనపర్తి
డిసెంబరు 2004

తాతా,

నిప్పు రాలిందని రంజిత్ సారు మాకు రాయలే. నువ్వు బుచ్చన్న తాత లుంగి ముచ్చట చెప్పుకుంట రాసినవు గని నేను సదువుకుంటనే సీట్లకెళ్లి లేసిన.

భానుప్రకాశ్ సారు దగ్గరికి పోయిన. సైరను హాజరుతోటి కూలి కొయ్యొద్దని ప్లానుల ఒక్క మాట రాద్దామన్న. ఆయన నవ్విండు. "ఆపద ప్లానుల కూలి ముచ్చట ఏందమ్మా? గది రంజిత్ పని. నువ్వు మంట సంగతి చూడు" అన్నడు. నేను కొత్తదాన్ని. ఇంక పర్మనెంటు కాలే. నా సీటుకు మల్లొచ్చిన.

నీకొక్కటే చెప్త. నువ్వు మధ్యాన్నం ఇత్తనాల గదిల పండకు. ఆ గది దూది బేళ్లు కట్టే ప్రెస్సు ఎనక ఉంది. దానికి ఒక్కటే దారి. నేను చూసిన. నీ కాలు మొక్కుత, ఇంటికి పోయి పండు, లేకుంటె చెట్టు కింద పండు.

అఖిల


గద్వాల
జనవరి 2005

చిరంజీవి అఖిలకు మీ తాతగారు పెద్దన్న రాయించునది.

ఇక్కడ అందరు క్షేమం. మంగళవారం నాడు మన మిల్లులో ప్రెస్సు దగ్గర అగ్ని ప్రమాదం జరిగినది. మీ ప్లాను ప్రకారమే అందరు బయటకు వచ్చినారు. హాజరు తీసుకున్నారు. లెక్క సరిపోయినది. షట్టర్లు దించినారు. ఫైరింజను వచ్చి ఆర్పినది. ఎవరికి ఏమి కాలేదు. నీకు మంచి పేరు వచ్చినది. నా కళ్లద్దాలు పగిలినవి గనుక ఆఫీసులో సుమన మేడమ్ గారు రాస్తున్నారు. మేడమ్ గారి అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి, పెండ్లికాని పిల్లగాండ్లుంటె చూడమని గూడ రాయమన్న, రాయనన్నది, గట్టిగ అడిగితె రాసింది.

నాకు బాగున్నది. రావద్దు.

ఇట్లు
పెద్దన్న


వనపర్తి
జనవరి 2005

తాతా,

'నాకు బాగున్నది' అంటివి. నిన్ను ఎవరడిగిండ్రు? నేను అడగకముందే చెప్పినవు. కళ్లద్దాలు పగిలితె గింత సక్కగ ఉత్తరం రాయించే మనిషివి కాదు నువ్వు. వాళ్లను వీళ్లను తిట్టుకుంట రాయిచ్చెటోనివి. ఈ ఉత్తరంల తిట్లు లేవు. అవ్వ మాటే లేదు.

రంజిత్ సారు రిపోర్టు మా ఆఫీసుకొచ్చింది. 'లెక్క సరిపోయింది, మనుషులకు నష్టం లేదు' అని ఉంది. ప్లాను రాసింది నేను కాబట్టి కింద నా సంతకం పెట్టాలన్నరు. పెడితె ఇదే ప్లాను నాగర్‌కర్నూలు మిల్లుల గూడ గోడకు పెడ్తరు. మీరందరు గాడికే పోతున్నరంట గద, గద్వాల మిల్లు బాగయ్యేదాంక.

ఇంక పెట్టలే. ఆదివారం వస్తున్న.

అఖిల


గద్వాల
జనవరి 2005

బిడ్డా,

ఎడమ చేత్తోటి రాస్తున్న. అక్షరాలు తాగి నడుస్తున్నయి, ఓపికతోటి సదువు.

నిన్న నువ్వొచ్చినప్పుడు మీ అవ్వ నా మంచం కాడికెళ్లి లేవలే. చేతి కట్టు చూసి నువ్వు అడిగితె ఆమె ముంగట చెప్పలేక టీ మీద పడిందన్న. మీ అవ్వ గూడ గదే నమ్మింది. నువ్వు నమ్మలే. బస్సెక్కెటప్పుడు నా దిక్కు చూసిన చూపుకు నాకు రాతిరి అన్నం పోలే. మా సుమన మేడమ్‌తోటి నిజం రాయిస్తె ఆమె పోయి రంజిత్ సారుకు చెప్తది. గందుకే గట్ల రాయించిన.

ఇప్పుడు ఇను.

మంగళవారం మధ్యాన్నం ఇత్తనాల గదిల పండిన. నువ్వొద్దన్నా పండిన. సైరను కొట్టింది. నాకు ఇనొచ్చింది బిడ్డా. మల్ల మీ డ్రిల్లే అనుకున్న. మైసూరుపాకు పంచేటప్పుడు పోతమని పక్కకు తిరిగి పండిన.

గోడ మీద గాలి కిటికి ఉంది గద, దాంట్లకెళ్లి కాంటా కాడ సారు పేర్లు పిలిచేది ఇనొస్తుంది. భీమమ్మ, ఉన్న. బుచ్చన్న, ఉన్న. గప్పుడు పొగ వాసనొచ్చింది. కండ్లు తెరిస్తె తలుపు సందుకెళ్లి నల్లగ పారుతుంది. లేసిన. సంచులు తాకి పడ్డ. గప్పుడే సారు పిలిచిండు.

"పెద్దన్నా!"

నేను నోరు తెరిచిన. పొగ నిండింది, గొంతు రాలే. బయట నా గొంతే పలికింది. "ఉన్న సార్." ఎనకనుంచి నా దగ్గు. అచ్చం నేనే. లోపల పడి ఉన్నది నేను, బయట పలికింది నేను. ఒక్క గడియ నాకే సమజ్ కాలే నేనేడ ఉన్నానో.

తర్వాత సారు కేక. "లెక్క సరిపోయింది! దింపుండ్రి!"

షట్టరు సప్పుడు నీకు తెల్వదు. గలగల గలగల దిగొస్తది. గా సప్పుడు ఎంబడి నేను పాక్కుంట పోతున్న, ఎలుతురు సన్నగైతుంది. ఏసయ్యను పిలువలే, మీ అవ్వను పిలువలే. తిమ్మమ్మను తిట్టిన. చెప్పరాని తిట్లు తిట్టిన.

బయట ఏమయ్యిందో బుచ్చన్న చెప్పిండు. తిమ్మమ్మ నేను సైరనుకు లేసి గేటు కాడ టీకి పోయిననుకోని పలికింది. పలికినంక గేటు దిక్కు చూసిందంట. నేను లేను. కాంటా కాడ చూసింది. లేను. షట్టరు సగం దిగింది. "ఆపుండ్రి! ముసలోడు లోపలున్నడు!" అని ఒర్రింది. సారు "పలికిండు గదనే ఇప్పుడే!" అన్నడు. "పలికింది నేను సారూ! రోజు నేనే పలుకుత!" అన్నదంట. మిల్లుల ఇన్నేండ్లకు గా మాట సారు మొకం మీద చెప్పిన మనిషి లేదు. చెప్పి ఆగలే. పత్తి మోసే తోపుడుబండిని ఉరికిచ్చి షట్టరు కిందికి నూకింది. బండి నలిగింది గని షట్టరు ఆగింది. నేను ఇనుము పట్టుకోని సందులకెళ్లి ఎల్లిన. గప్పుడు కాలింది చెయ్యి.

ఇగ అసలు ముచ్చట. సారు మా ఇద్దరిని గదిల కూసోపెట్టి అన్నడు. "దొంగ హాజరు పలికిందని రాస్తె తిమ్మమ్మ పోతది, నువ్వు పోతవు, నా నౌకరి గూడ పోతది. లెక్క సరిపోయిందని రాసిన. మీరు నోరు మూసుకోండ్రి, నాగర్‌కర్నూలుల పని ఇస్త." తిమ్మమ్మ తల ఊపింది. నేను ఊపిన.

సంతకం పెట్టు బిడ్డా. నేను బతికిన గద. ఆమె కోడలు ఇంక మంచం దిగలే.

తాత


వనపర్తి
జనవరి 2005

తాతా,

మూడుసార్లు సదివిన. నాలుగోసారి సదవలేక సంచిల పెట్టుకున్న.

ఆ షట్టరు దింపమని రాసింది నేను. నువ్వు ఎలుతురు సన్నగైతుందని రాసినవు సూడు, గా ఎలుతురును మూసింది నా మాట. ఇగ నువ్వు గదే కాయితం మీద సంతకం పెట్టమంటున్నవు.

నాగర్‌కర్నూలుల ఇత్తనాల గది లేదు, మంచిదే. గద్వాలకంటె పెద్ద దూది గోదాము ఉంది. ఆడ ఎవరు పంటరు? ఎవరి పేరుకు ఎవరు పలుకుతరు?

నీ మాట ఇననని కాదు. కని తిమ్మమ్మవ్వ నౌకరి నీది కాదు, నాది కాదు. ఆమెను అడుగు. నేను నిజం రాస్తె ఆమెను తీసెయ్యొచ్చు. రాయకుంటె ఆమె ఉంటది. దాచకుండ రెండు చెప్పు. నువ్వు నవ్వులాటల కలిపి చెప్పకు. ఆమె ఏమంటె గదే చేస్త. శుక్రవారం దాంక సంతకం ఆపుత. అంతకంటె ఆపలేను. నీ జవాబు మొదటి బస్సు డ్రైవరుకియ్యి, ఆఫీసు ముంగటనే ఆపుతడు.

అఖిల


గద్వాల
జనవరి 2005

అఖిలా,

అడిగిన. నవ్వులాట లేకుండ అడిగిన. నేను గట్ల అడిగేసరికి "ఏం ముసలోడా, పాణం బాగలేదా" అన్నది.

రెండు చెప్పిన. మనుమన్ని ఒళ్లె ఏసుకోని జోకొట్టింది. మల్ల అన్నది. ఆమె మాట ఆమె లెక్కనే రాస్తున్న.

"నీ మనుమరాలిని సంతకం పెట్టొద్దను. నేను దిక్కులు చూసిన కాబట్టి నువ్వు ఎల్లినవు. రేపు నేను లోపల పడితె నువ్వు చూస్తవా? నువ్వు నా గొంతు పెట్టి నవ్వుతుంటవు. నా పేరు రాయమను. కని కూలి కోస్తరనే భయానికి పలికిన అని గూడ రాయమను. గది రాయకుంటె నేను ఊకోను."

బుచ్చన్న లేడు, నవ్వియ్యనీకె ఎవరు దొరకలే.

రాయి బిడ్డా.

తాత


వనపర్తి
ఫిబ్రవరి 2005

తాతా,

రాసిన. తిమ్మమ్మవ్వ చెప్పినట్టే రాసిన. లెక్క సరిపోయింది గని మనిషి లోపలున్నడని రాసిన. పలికినామె చెప్పకపోతె మనిషి కాలిపోయేదని రాసిన. నిప్పు రాలిన ముచ్చట గూడ రాసిన. లోపలున్నది మా తాతని రాసిన, లేకుంటె తర్వాత ఎవరన్న చెప్తరు.

భానుప్రకాశ్ సారు తలుపేసి నన్ను నిలబెట్టి సదివిండు. "నీ తాతను కాపాడుకోనీకె కంపెనీ ఇజ్జత్ తీస్తవా?" అన్నడు. "సారూ, నాగర్‌కర్నూలుల ఉన్నోళ్లందరు నా తాతలు కారు" అన్న. పైన హైదరాబాదు ఆఫీసుకు పంపాల్నా వద్దా అని రెండు వారాలు టేబులు మీదనే పెట్టుకున్నడు. నేను రోజు పోతుంటి, రోజు గా కాయితం ఆడనే ఉంటుండె. ఎవరు నాతోటి అన్నం తినలే.

నిన్న పిలిచిండు. సైరను హాజరు తోటి కూలి కొయ్యరాదని, గా హాజరు కూలి పుస్తకంల ఎక్కించరాదని రాసి సంతకం పెట్టిండు. తిమ్మమ్మవ్వను తియ్యరు. రంజిత్ సారును గూడ తియ్యరు, మాట పడ్డడు.

నన్ను ప్లాను పనికెళ్లి తీసి స్టోరు రూముకు ఏసిండ్రు. పర్మనెంటు మల్ల చూస్తమన్నరు. గోడ మీది కాయితంల నా పేరు ఉండదు. గా ఒక్క మాట ఉంటది.

మీరు నాగర్‌కర్నూలు పోయినంక డ్రిల్లు పెడ్తరు. ఎట్లయ్యిందో రాయి. నిజం రాయి.

అఖిల


నాగర్‌కర్నూలు
మార్చి 2005

స్టోరు రూము అఖిలమ్మకు తాత రాసేది. ఇప్పుడు కుడి చేత్తోటే రాస్తున్న, చేతి ఏళ్లు ఇంక సక్కగ వంగుతలేవు.

ఈడ నీళ్లు సప్పగున్నయి. మీ అవ్వ రానన్నది, వచ్చింది, వచ్చి గద్వాలల ఎట్ల తిట్టిందో ఈడ గట్లనే తిడుతుంది. పని ఆగలేదని మీ సారుకు చెప్పు.

నిన్న డ్రిల్లు. సైరను కొట్టంగనె ఉరికినం. రంజిత్ సారే పిలిచిండు. ఆయన మొకం గూడ మునుపటి లెక్క లేదు, ఒక్కొక్క పేరు పిలిచి మనిషి దిక్కు చూస్తుండు. భీమమ్మ, ఉన్న. బుచ్చన్న, ఉన్న. నేను, ఉన్న. దగ్గొచ్చింది, ఆపుకున్న.

"తిమ్మమ్మా!"

పలుకు లేదు.

బిడ్డా, నాలుక గుంజింది. ముక్కుదాంక వచ్చింది గొంతు. రుమాలు నోట్ల కుక్కుకున్న. సారు మల్ల పిలిచిండు. లేదు. అందరం ఒకరి మొకాలు ఒకరం చూసుకుంటున్నం. ఇన్నేండ్లు మిల్లుల పనిచేసిన, ఒక పేరు పిలిచినంక గట్ల ఉత్తగ ఉండుడు నేను ఎన్నడు ఇనలే. డ్రిల్లని ఎరికే, మంట లేదని ఎరికే, అయినా నా కండ్లు గోదాము దిక్కే పోయినయి.

"షట్టరు ఆపుండ్రి!" అన్నడు సారు. "ఎతకుండ్రి!"

ఉరికినం. గోదాముల, దొడ్డి కాడ, నీళ్ల ట్యాంకు కాడ, పత్తి కుప్పల సందుల. సారు గూడ బూట్లతోటే పత్తిల దిగిండు. బుచ్చన్న కొత్త లుంగి చిరిగింది. అందరం 'తిమ్మమ్మా, తిమ్మమ్మా' అని ఒర్రుడే.

గేటుకెళ్లి ఆమె వచ్చింది, కొంగుల జాంపండ్లు పట్టుకోని. మమ్ముల చూసి నిలబడిపోయింది.

"ఎవరు సచ్చిండ్రు?" అన్నది.

"నువ్వేనే!" అన్నడు బుచ్చన్న.

తిడుతదనుకున్నం. తిట్టలే. అందరి దిక్కు చూసింది, పత్తి అంటిన సారు దిక్కు గూడ. "నా కోసమేనా గింతమంది?" అన్నది. పోయి కాంటా కాడ నిలబడి కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు పిలువు సారూ."

సారు పిలిచిండు. "ఉన్న" అన్నది తిమ్మమ్మ.

ముక్కుతోటి కాదు బిడ్డా, సాగదీసుడు లేదు. దినాం ఇనే గొంతే. కని నేను పలికేది అట్ల లేనే లేదు. గా గొంతు నాకు ఎన్నడు రాలే.

నీ తాత
పెద్దన్న